4294967297 ప్రధాన సంఖ్యేనా? నా ప్రోగ్రామ్ అవునంటోంది, పట్టిక కాదంటోంది

కోడ్‌కాకి
అందరికీ నమస్కారం. ప్రధాన సంఖ్యలను కనిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నాను. ఫెర్మా చిన్న సిద్ధాంతమే దానికి ఆధారం. పరీక్షించే సంఖ్యలోంచి 1 తీసేసి, 2ను ఆ ఘాతానికి పెంచి, మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే అది సంయుక్త సంఖ్య. 4294967297 ఇచ్చాను. శేషం సరిగ్గా 1 వచ్చింది, ప్రోగ్రామ్ "ప్రధానం" అని తేల్చేసింది. నా దగ్గరున్న ప్రధాన సంఖ్యల పట్టికలో మాత్రం ఇది లేదు. రెంటిలో దేన్ని నమ్మాలి?

బైనరీబాబు
ముందు ఒక సంగతి చెప్పండి, ఏ టైప్ వాడారు? ఈ సంఖ్య 32 బిట్లలో పట్టదు. అక్కడ గరిష్ఠం 4294967295. దానికి రెండు కలిపితే చుట్టూ తిరిగొచ్చి 1 అయి కూర్చుంటుంది. మీరు 4294967297 అనుకుంటున్నది లోపల ఉత్త 1 అయ్యుండొచ్చు.

కోడ్‌కాకి
లేదండీ, 128 బిట్ల టైప్. ఇది 33 బిట్ల సంఖ్య, వర్గం చేస్తే 66 బిట్ల దాకా పోతుందని ముందే చూసుకున్నాను.

శేషంసున్నా
పట్టికే కరెక్ట్. 641తో భాగించి చూడండి.

కోడ్‌కాకి
6700417 వచ్చింది, శేషం సున్నా! ఇంత చిన్న కారణాంకం ఉండగా పరీక్ష ఎలా పాసైంది? అసలు మీకు 641 అంత టక్కున ఎలా తట్టిందండీ?

శేషంసున్నా
నాకు తట్టేదేముంది, ఇది దాదాపు మూడొందల ఏళ్ల కిందటే తేలిపోయిన కేసు. మీ సంఖ్య 2³² + 1. ఫెర్మా సంఖ్యల్లో ఇది ఎఫ్5. 2కు 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చేవే ఫెర్మా సంఖ్యలు. ఎఫ్0 నుంచి వరసగా 3, 5, 17, 257, 65537. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. 1640లో ఫెర్మా వీటి గురించి ఉత్తరాల్లో రాస్తూ, నిరూపణ తన దగ్గర లేదంటూనే, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. ఆరోదే మీది. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఈ మాట ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఆయిలర్ 641 × 6700417 అని తేల్చేశాడు.

లెక్కలపిచ్చి
1729 అనగానే రామానుజన్ టాక్సీ గుర్తొచ్చింది :) అది కూడా ఇలాంటి పరీక్షలను మోసం చేసే బాపతే. 7 × 13 × 19. పరీక్షలో 2కు బదులు 7, 13, 19లతో భాగం పోని ఏ సంఖ్య పెట్టినా ఫెర్మా పరీక్ష పాసైపోతుంది.

చాక్‌పీసు
కోడ్‌కాకి గారూ, మీ మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పినట్టు లేదు.

మన సంఖ్య 2³² + 1. కాబట్టి దానితో భాగిస్తే 2³² వదిలే శేషాన్ని −1 అనుకోవచ్చు. వర్గం చేస్తే 2⁶⁴ వదిలేది 1. అంటే 2ను 64 మార్లు గుణించే ప్రతిసారీ మళ్లీ 1 దగ్గరికే వచ్చేస్తాం. ఇప్పుడు మీ పరీక్షలో ఘాతం ఎంత? సంఖ్యలోంచి 1 తీస్తే 4294967296, అంటే 2³². అందులో 64 నిశ్శేషంగా 67108864 సార్లు పోతుంది. ఇంకేం, జవాబు 1 రాక తప్పదు. సంఖ్య ప్రధానమా కాదా అన్న ప్రశ్నతో దీనికి సంబంధమే లేదు.

ఏ ఫెర్మా సంఖ్య ఇచ్చినా ఇదే తంతు. వీటి మీద 2తో పరీక్ష పెట్టడమంటే దొంగ చేతికే తాళాలివ్వడం. ఇంకాస్త గట్టిదనుకునే మిల్లర్–రాబిన్ పరీక్ష కూడా 2తో పెడితే ఇక్కడ బోల్తా పడుతుంది, ఎందుకంటే వర్గాల వరసలో దానికి కావలసిన −1 అయిదో మెట్టులోనే ఎదురవుతుంది. 2 తీసేసి 3 పెట్టండి.

కోడ్‌కాకి
3 పెట్టాను మాస్టారూ. 3029026160 వచ్చింది. 1 కాదు!

చాక్‌పీసు
అదీ లెక్క. ఆ వర్గాలు చేసుకుంటూ పోవడాన్ని ఒక్కసారి కాగితం మీద చూడండి, బాగుంటుంది. 3, 9, 81, 6561, 43046721. ఇక్కడిదాకా సంఖ్య చిన్నదే, భాగించే పని లేదు. తర్వాతి వర్గం 1853020188851841. దీన్ని మన సంఖ్యతో భాగిస్తే మిగిలేది 3793201458. దాన్ని మళ్లీ వర్గం, మళ్లీ శేషం. మొత్తం 32 వర్గాలు. 31వ మెట్టులో 10324303, 32వ మెట్టులో మీకొచ్చిన 3029026160.

ఆ 31వ మెట్టుకు ఒక ప్రత్యేకత ఉంది. ఫెర్మా సంఖ్య ప్రధానమైతే అక్కడ కచ్చితంగా −1, అంటే మన సంఖ్యకు 4294967296, రావాలి. ప్రధానం కాకపోతే రానే రాదు. 1877లో పెపాన్ ఇచ్చిన పరీక్ష ఇది. మనకొచ్చింది 10324303, దరిదాపుల్లో కూడా లేదు.

అనుమానంపక్షి
ఆ చిన్న సిద్ధాంతం కూడా ఫెర్మాదేగా? అదీ 1640లోనే. అంటే ఆయుధం చేతిలో పెట్టుకునే ఇలా అన్నాడన్నమాట. పదంకెల సంఖ్యను 32 సార్లు వర్గం చేసి భాగించడం ఒక మనిషికి ఒకటి రెండు రోజుల పని. అది కూడా చేయలేదా?

శేషంసున్నా
నా ఉద్దేశంలో ఆయన్ను తిట్టడానికేమీ లేదు. మొదటి అయిదూ ప్రధానాలు కావడం నిజంగా ఆశ్చర్యమే. 65537 దాకా నమూనా చెక్కుచెదరకపోతే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. పైగా ఆ ఆరో సంఖ్య, 2తో పెట్టిన పరీక్షను చక్కగా పాసవుతుంది. ఒకవేళ ఫెర్మా ఆ పరీక్ష పెట్టి ఉంటే నమ్మకం ఇంకా పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

అనుమానంపక్షి
సరే. ఆయిలర్‌కు 641 ఎలా దొరికింది? 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోయాడా?

శేషంసున్నా
1732 నాటి వ్యాసంలో ఎలా దొరికిందో రాయలేదు. దారి ఆయన తర్వాతి వ్యాసంలో ఉంది. చాక్‌పీసు గారు పైన చెప్పిన 64నే మళ్లీ పట్టుకోండి. మన సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానితో భాగించినప్పుడు కూడా 2³² శేషం −1, 2⁶⁴ శేషం 1. అంతకంటే చిన్న ఘాతానికి 1 రాదు. చిన్న సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రధానంలోంచి 1 తీస్తే వచ్చేది 64కు గుణిజం కావాలి. అంటే కారణాంకం 64 × ఏదో + 1 రూపంలోనే ఉండాలి.

65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే పని అయిపోయింది.

లెక్కలపిచ్చి
అయిదు కూడా అక్కర్లేదు! 1878లో లూకాస్ ఆ 64ను 128 చేశాడు. కారణాంకం 64 × ఏదో + 1 రూపంలో ఉంటే దాన్ని 8తో భాగించినా శేషం 1. అలాంటి ప్రధానం దగ్గర 2 ఒక వర్గ శేషం, అంటే ఏదో ఒక సంఖ్య వర్గం 2 అవుతుంది. ఆ సంఖ్య 1 దగ్గరికి తిరిగి రావాలంటే 64కు రెట్టింపు, 128 మెట్లు పడతాయి. కాబట్టి కారణాంకం 128 × ఏదో + 1.

ఇప్పుడు జాబితా 129, 257, 385, 513, 641. ప్రధానాలు 257, 641 మాత్రమే. 257 కూడా ఫెర్మా సంఖ్యే, రెండు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు. కాబట్టి దాన్నీ కొట్టేయండి. మొట్టమొదటి భాగహారమే 641!

కోడ్‌కాకి
ఉమ్మడి కారణాంకం ఎందుకు ఉండదు?

లెక్కలపిచ్చి
3 × 5 × 17 × 257 × 65537 గుణించి చూడండి.

కోడ్‌కాకి
4294967295. మన సంఖ్య కంటే సరిగ్గా 2 తక్కువ!

లెక్కలపిచ్చి
ఆఁ. ముందున్న ఫెర్మా సంఖ్యలన్నిటి లబ్ధానికి 2 కలిపితే తర్వాతిది వస్తుంది. 257 రెంటినీ భాగిస్తే వాటి తేడా అయిన 2నూ భాగించాలి. కుదరదు కదా.

అనుమానంపక్షి
641 సంగతి సరే. ఆ 6700417 ప్రధానమేనని ఏమిటి గ్యారంటీ?

చాక్‌పీసు
దాని వర్గమూలం 2588 పైన కాస్త. కాబట్టి 2588 దాకా ఉన్న 128 × ఏదో + 1 సంఖ్యలు చాలు. అవి ఇరవై. సంయుక్త సంఖ్యలను, 257నూ తీసేస్తే మిగిలేవి నాలుగు. 641తో భాగిస్తే శేషం 44. 769తో 120. 1153తో 334. 1409తో 622. ఏదీ నిశ్శేషంగా పోలేదు, కాబట్టి ప్రధానమే. ఏడంకెల సంఖ్య ప్రధానమని నాలుగే నాలుగు భాగహారాలతో తేల్చడం మామూలు విషయం కాదు. మామూలు ఏడంకెల ప్రధాన సంఖ్యకైతే వందల కొద్దీ చేయాల్సి వచ్చేది.

గుణకారగుండమ్మ
ఇంత తతంగం ఎందుకండీ. 641ను రెండు రకాలుగా రాసుకోండి: 5 × 128 + 1, ఇంకోటి 625 + 16. అంటే 5 × 2⁷ + 1, 5⁴ + 2⁴.

మొదటి దాన్నిబట్టి 641తో భాగిస్తే 5 × 2⁷ వదిలేది −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ వదిలేది 1. రెండో దాన్నిబట్టి 5⁴ స్థానంలో −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² వదిలేది 1, అంటే 2³² + 1 వదిలేది సున్నా. అయిపోయింది! పెద్ద భాగహారం ఒక్కటీ లేదు.

అనుమానంపక్షి
ఇది ముందే 641 అని తెలిసినవాళ్లు చేసే గారడీ. కనిపెట్టడానికి పనికిరాదు. అందంగా ఉందని మాత్రం ఒప్పుకుంటాను.

అంకెలజాతకం
అంకెలన్నీ కూడితే 59 వస్తోంది. 59 కూడా ప్రధాన సంఖ్యే. దీనికేమైనా అర్థం ఉందంటారా?

శేషంసున్నా
లేదండీ. పదుల పద్ధతిలో రాశాం కాబట్టి 59. వేరే పద్ధతిలో రాస్తే మొత్తం మారిపోతుంది. చివరి అంకె 7 కావడం మాత్రం ఊరికే కాదు. 16ను ఎన్నిసార్లు వర్గం చేసినా చివర 6 పోదు, ఒకటి కలిపితే 7. 17 మొదలుకొని అన్ని ఫెర్మా సంఖ్యలూ 7తోనే ముగుస్తాయి.

లెక్కలపిచ్చి
ఈ సంఖ్యలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇది రెండు వర్గాల మొత్తం, అదీ రెండు విధాలుగా.

65536² + 1² అన్నది తెలిసిందే. రెండోది 62264² + 20449². కాలిక్యులేటర్ మీద చూసుకోండి: 3876805696 + 418161601.

ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే ఒకే ఒక్క విధంగా రాయగలం. రెండు విధాలు దొరికాయంటే అది సంయుక్త సంఖ్య అన్నట్టే. ఇది కూడా ఆయిలర్ వాడిన ఉపాయమే.

కోడ్‌కాకి
ఆ 62264, 20449 ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయి?

లెక్కలపిచ్చి
బ్రహ్మగుప్తుడి దగ్గర్నుంచి. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఆయన ఇచ్చిన సూత్రంలోంచే ఇది వస్తుంది: రెండు వర్గాల మొత్తాన్ని ఇంకో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే వచ్చేదీ రెండు వర్గాల మొత్తమే. అదీ రెండు దారుల్లో.

641 = 25² + 4². 6700417 = 2556² + 409². ఇప్పుడు అడ్డంగా గుణించండి.

25 × 2556 = 63900, 4 × 409 = 1636. కూడితే 65536, తీసేస్తే 62264.
25 × 409 = 10225, 4 × 2556 = 10224. తీసేస్తే 1, కూడితే 20449.

ఆ 10225, 10224 పక్కపక్కనే పడటం చూశారా? అందుకే అటువైపు 1 మిగిలింది. ఇంకో తమాషా, 20449 అంటే 143². కాబట్టి మన సంఖ్య 62264² + 143⁴ కూడా.

గుణకారగుండమ్మ
అబ్బ, ఆ 143 నాకు ఇన్నాళ్లూ తెలియదు!

అనుమానంపక్షి
ఇది కూడా కారణాంకాలు తెలిశాకే కదా? తిరగేసి చేయగలమా? వర్గాలు రెండు విధాలుగా ఇస్తే 641 బయటికి లాగగలమా?

చాక్‌పీసు
లాగొచ్చు. వర్గం చేసిన సంఖ్యల్లో పెద్దవాటి తేడా 65536 − 62264 = 3272. చిన్నవాటి తేడా 20449 − 1 = 20448. వీటి గసాభా 8. అలాగే మొత్తాలు 127800, 20450. వీటి గసాభా 50. రెంటినీ సగం చేస్తే 4, 25. వాటి వర్గాలు కూడండి: 16 + 625 = 641.

అనుమానంపక్షి
ఇది గారడీ కాదు. ఒప్పుకున్నా.

బైనరీబాబు
మీరంతా కాగితం మీదే తిరుగుతున్నారు. ఈ సంఖ్యకు మా వైపు నిజమైన ఉపయోగం ఉంది.

కంప్యూటర్‌కు గుణకారం చవక, భాగహారం ఖరీదు. అందుకే స్థిర సంఖ్యతో భాగించాల్సి వస్తే కంపైలర్లు దాన్ని గుణకారంగా మార్చేస్తాయి. సాధారణంగా అందుకు కావలసిన గుణకం కాస్త అటూఇటూగా వస్తుంది, సర్దుబాట్లు చేసుకోవాలి. 641 విషయంలో ఆ బాధే లేదు. 32 బిట్లలో పట్టే ఏ సంఖ్యనైనా 641తో భాగించాలంటే 6700417తో గుణించి, కింది 32 బిట్లు పారేయండి. మిగిలేదే భాగఫలం. 641 × 6700417 సరిగ్గా 2³²ను ఒక్కటి దాటడం వల్ల వచ్చిన సౌకర్యం ఇది. వచ్చే తేడా ఎప్పుడూ 641లో ఒక వంతు కంటే తక్కువే, కాబట్టి భాగఫలం చెడదు.

అంచులో చూడండి. 1281 × 6700417 = 8583234177. 2³³ అంటే 8589934592, దానికంటే ఇది తక్కువ, కాబట్టి భాగఫలం 1. 1282 × 6700417 = 8589934594. రెండు ఎక్కువ, భాగఫలం 2. 1282 అంటే 641కి రెట్టింపేగా!

ఇంకో ముక్క. 32 బిట్ల లెక్కల్లో 641ను 6700417తో గుణిస్తే 1 వస్తుంది. అంటే అక్కడ ఇవి ఒకదానికొకటి విలోమాలు. నేను మొదట్లో చుట్టూ తిరిగొచ్చి 1 అవుతుందన్నది ఇదే.

కోడ్‌కాకి
ఇది ఇప్పుడే నడిపి చూశాను, 2³² లోపలి సంఖ్యలన్నిటికీ సరిపోయింది. భలే ఉంది.

లెక్కలపిచ్చి
1/641ని బైనరీలో రాసినా బాగుంటుంది. 64 బిట్ల ఆవర్తనం వస్తుంది. మొదటి 32 బిట్లు 6700416, తర్వాతి 32 బిట్లు దాన్నే తిరగేసినవి: సున్నా ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్నా.

గుణకారగుండమ్మ
బహుభుజుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1796లో గౌస్ స్కేలు, కంపాస్‌లతో 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని చూపించాడు. బేసి సంఖ్యలో భుజాలుంటే, ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం అయితేనే గీయగలం. కాకపోతే కుదరదని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. కాబట్టి తెలిసినంతలో బేసి భుజాలతో గీయగల అతిపెద్ద బహుభుజికి 4294967295 భుజాలు. మన సంఖ్య ప్రధానం అయి ఉంటే రెండు భుజాలు ఎక్కువున్నది కూడా గీయగలిగేవాళ్లం. 641 దాన్ని చెడగొట్టింది.

అనుమానంపక్షి
గీస్తే వృత్తానికీ దానికీ తేడా ఎవరికి తెలుస్తుందండీ :)

శేషంసున్నా
ఇంతకీ ఈ సంఖ్యను నోటిలెక్కగా విడగొట్టిన పిల్లవాడున్నాడు. అమెరికాకు చెందిన జెరా కోల్‌బర్న్. 1812 ప్రాంతంలో లండన్ ప్రదర్శనల్లో ఎవరో ఇది ప్రధానమా అని అడిగితే 641తో పోతుందని చెప్పాడంటారు. అప్పటికి వాడికి పదేళ్లు కూడా లేవు.

కోడ్‌కాకి
తర్వాతి ఫెర్మా సంఖ్యల్లో ప్రధానాలు ఉన్నాయా?

శేషంసున్నా
ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఎఫ్5 నుంచి ఎఫ్32 దాకా అన్నీ సంయుక్తాలేనని తేలిపోయింది. వాటిలో పూర్తిగా విడగొట్టింది ఎఫ్11 వరకే. ఎఫ్20, ఎఫ్24 సంయుక్తాలని తెలుసు, కానీ ఒక్క కారణాంకమూ చేతికి చిక్కలేదు. ఎఫ్33 ఎటో ఎవరికీ తెలియదు. దాన్ని పెపాన్ పరీక్షకు పెట్టాలంటే 258 కోట్లకు పైగా అంకెలున్న సంఖ్యతో కుస్తీ పట్టాలి.

లెక్కలపిచ్చి
కోడ్‌కాకి గారూ, మీ ప్రోగ్రామ్‌తో ఎఫ్6 ప్రయత్నించండి. 18446744073709551617. ఈసారి 256 × ఏదో + 1. వర్గం 128 బిట్లలో కూడా పట్టదు, టైప్ మార్చుకోవాలి.

కోడ్‌కాకి
మార్చాను. 3తో పెడితే సంయుక్తమే. 256 × 1071 + 1 దగ్గర దొరికింది: 274177. దాని జోడీ 67280421310721. రెప్పపాటు కూడా పట్టలేదు.

శేషంసున్నా
సరిగ్గా అవే. 1880లో లాండ్రీ చేత్తో సాధించినవి.